పదిహేను క్యాబినెట్లు

గల్ఫ్‌లో ఉండే అక్బర్ ఆ గురువారం పెట్టుకున్నది పెద్ద పనేమీ కాదు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పదింటికి ఘుబ్రాలో కూతురు షైస్తా చదివే స్కూలుకు వెళ్ళి, వెనక వరసలో బుద్ధిగా కూర్చుని చప్పట్లు కొట్టాలి, అంతే. ఆమె బడిలో చేరిన పదకొండేళ్ళలో డ్యూటీ వల్ల ఒక్క ఫంక్షన్‌కీ వెళ్ళలేకపోయాడు. అందుకే రుసైల్‌లో తను పనిచేసే ఫర్నిచర్ గోడౌన్ మేనేజర్‌ను నెలముందే పట్టుకుని సెలవు సాధించాడు. ఈసారి షైస్తా దగ్గర మాట పోగొట్టుకోకూడదు.

షైస్తా చిన్న తరగతుల పిల్లలకు అమెరికా ప్రభుత్వం ఎలా నడుస్తుందో ఆడి చూపించబోతోంది. "నేనేమన్నా మరిచిపోతే తెచ్చియ్యి అబ్బా" అని ముందురోజే తండ్రికి చెప్పింది. తీరా ఆమె బస్సెక్కాక చూస్తే ఫ్రిజ్ మీద కాగితం కనిపించింది. పైన 'పది గంటలకల్లా కావాలి' అనీ, కింద 'స్పీకర్ 1, విప్‌లు 2, క్యాబినెట్ 15' అనీ రాసి ఉంది.

స్కూల్లో ఫోన్లు ఎత్తనివ్వరు. అవన్నీ కూతురు మరిచిపోయిన సామాన్లే అనుకుని అక్బర్ వెతుకులాటకు బయలుదేరాడు.

స్పీకర్ తేలిగ్గానే దొరికింది. బతుకమ్మకు పాటలు పెట్టే పక్కింటి గంగాప్రసాద్ మనిషంత పెట్టె ఇచ్చాడు. విప్ అంటే ఏమిటో పికప్ నడిపే యాకూబ్‌ను అడిగాడు. ఒంటెలకు మేత తోలే యాకూబ్‌కు ఆ విషయంలో సందేహమే లేదు.

"చర్నాకోల. సీటు ఎనక రెండుండాయి, తీస్కో."

మిగిలినవి క్యాబినెట్లు. సెలవురోజున గోడౌన్‌కు వచ్చి, వంటింటి గోడకు బిగించే చెక్క బీరువాలు పదిహేను ఒక్కపూటకు ఇమ్మంటే మేనేజర్ చదువుకునే పిల్లల కోసమని గేట్ పాస్ మీద సంతకం పెట్టాడు.

పదికి ఐదు నిమిషాలుందనగా పికప్ స్కూలు గేటు దాటింది. అక్బర్, యాకూబ్ చెమటలు కక్కుతూ బీరువాలన్నీ హాల్లోకి చేరవేశారు. షైస్తా పరుగెత్తుకొచ్చి నిలువునా కొయ్యబారిపోయింది.

"అబ్బా, క్యాబినెట్ అంటే మంత్రులు. స్పీకర్ అంటే సభ నడిపేటోడు. విప్ అంటే తన పార్టీవాళ్ళు చెదిరిపోకుండా సూసేటోడు. నేను మరిచిపోయింది ఆ కాగితం మాత్రమే. అదన్నా తెచ్చినావా?"

అది ఫ్రిజ్ మీదే ఉంది. అక్బర్‌కు సిగ్గుతో తల కొట్టేసినట్లయింది. పదకొండేళ్ళు రాకపోవడమే మేలేమో అనిపించి, బీరువాకు చెయ్యి వేశాడు, తిరిగి మోసుకుపోదామని.

అప్పుడే వాణి టీచర్ చేదు కబురు తెచ్చింది. మంత్రులుగా నిలబడాల్సిన పదిహేను మందీ ఫుట్‌బాల్ జట్టువాళ్ళే. మ్యాచ్ ఉందని బస్సెక్కేశారు. పైగా హాల్లో సౌండ్ పెట్టెలు పనిచేయడం లేదు.

షైస్తా తండ్రి వంకా, బీరువాల వంకా చూసింది.

"వాపసు తీసకపోవద్దబ్బా. వరసగా నిలబెట్టు."

ఒక్కో తలుపు మీద ఒక్కో శాఖ పేరు అంటించారు. చిన్నపిల్లలు తోసుకుంటూ వచ్చి తలుపులు తీసి, ఆ శాఖ ఏం చేస్తుందో లోపలి చీటీల్లో చదివారు. విప్‌లైన ఇద్దరమ్మాయిలు చర్నాకోలలు పట్టుకుని తమ పార్టీవాళ్ళను ఓటుకు తోలుకొచ్చారు. గంగాప్రసాద్ పెట్టెలోంచి సభాపతి గొంతు రోడ్డు దాకా వినిపించింది. అక్బర్ వెనక వరసలో కూర్చుని, చప్పట్లు కొట్టాల్సిన చోట కళ్ళు తుడుచుకున్నాడు.

మోసే హడావిడిలో ఒక బీరువాకు తలుపు బందు ఊడింది. దాన్ని ఉంచేసుకోమన్నాడు మేనేజర్. సాయంత్రం ఇంటికి తెస్తే భార్య సర్వరీ బేగం గుమ్మంలోనే ఆపింది. ఉన్న రెండు గదుల్లో మనుషులకే చోటు లేదంది.

"అమ్మీ వీటో చేసింది" అంది షైస్తా. "మూడింట రెండొంతుల మంది మనవైపుంటే అది చెల్లదబ్బా."

ఇంట్లో ఉన్నదే ముగ్గురు. తండ్రీ కూతుళ్ళు చెరో చెయ్యి ఎత్తారు. సర్వరీ బేగం ఆ రెండు చేతులనూ లెక్కపెట్టి పక్కకు తప్పుకుంది.

ఆ సాయంత్రం వంటింట్లో సర్వరీ బేగం చాయ్ ఒక్క కప్పే పెట్టుకుంది, తనకు మాత్రమే.