జింకకు రక్తం ఉండదు

ఆకలేసిన మనిషి జింకను వేటాడి తినకూడదని జర్మనీ దేశం ఏనాడూ అనలేదు. తినబోయే ముందు దాని వ్యాకరణం నేర్చుకోమంది, అంతే.

హాంబుర్గ్‌లో మూడో అంతస్తు ఫ్లాటులో ఉండే హెన్రికే ఫోస్‌బెర్గ్‌కు ఈ సంగతి తెలియదు. పోయిన ఏడాది ఒక ఆదివారం విందులో, నలుగురూ వింటుండగా, "నేను స్వయంగా వేటాడని మాంసం ఇక ముట్టను" అని శపథం చేసేసింది. అప్పటి నుంచి పప్పే గతి. (జర్మన్ పప్పులో పోపు ఉండదని పాఠకులు దయచేసి గుర్తుంచుకోవాలి.) భర్త డెట్లెఫ్ ఎదురుగా కూర్చుని సాసేజి కొరుకుతూ, "మాటంటే మాటే కదా, హెన్రికే" అని రోజూ మెచ్చుకుంటాడు.

ఇక లాభం లేదని వేట లైసెన్సు కోర్సులో చేరింది. మొత్తం నూట ఇరవై గంటలు. అందులో తుపాకికి తొమ్మిది, మిగతాదాంట్లో సింహభాగం పదజాలానికి. గురువు లుట్‌మన్ గారు జిల్లా వేట పదశుద్ధి సంఘానికి ముప్పై ఏళ్లుగా అధ్యక్షులు. (ఆ సంఘంలో ఉన్న సభ్యులు ఆయన ఒక్కరే. అయినా ఏటా రహస్య ఓటింగు జరుగుతుంది.) వేటగాళ్ల భాషలో జింకకు చెవులుండవు, 'ఆలకింపులు' ఉంటాయి. కళ్లుండవు, 'దీపాలు' ఉంటాయి. రక్తమైతే అసలే ఉండదు.

"మరి గుండు తగిలితే ఏం కారుతుందండీ?" అని అడిగింది హెన్రికే.

"చెమట."

"చెమటా?"

"వేటగాడి నోట ఆ మాటే రావాలమ్మా. రక్తమని నోరు జారినవాళ్లు క్లాసందరికీ తలో గుక్క మందు పోయించాలి."

మొదటి నెలలో హెన్రికే పదకొండు సార్లు పోయించింది. క్లాసులో ఆమె అంటే అందరికీ ప్రాణం.

తర్వాత పట్టుదల వచ్చింది. లేస్తే పదాలు, కూర్చుంటే పదాలు. ఒకరోజు డెట్లెఫ్ గడ్డం గీసుకుంటూ కోసుకుంటే, "అయ్యో, చెమట కారుతోంది చూడు" అంది. అతను వెళ్లి కిటికీ తెరిచాడు.

పరీక్షలో గురికి పదికి పది వచ్చాయి. చివరి అంశం, బల్ల మీద పెట్టిన జింకను కోసి శుభ్రం చేయడం. అదీ దాదాపు అయిపోయింది. అంతలో కత్తి జారి ఆమె వేలు తెగింది.

"ఏంటమ్మా అది?" అన్నారు ప్రధాన పరీక్షాధికారి, అంటే లుట్‌మన్ గారే.

పద్నాలుగు నెలల పప్పు కళ్ల ముందు మెదిలింది. "చెమటండీ!" అంది హెన్రికే, తడుముకోకుండా.

ఆయన పెన్ను కింద పెట్టారు. "అది మీ వేలమ్మా. మీకు కారేది రక్తం. జింకకైతేనే చెమట. మనిషికీ జింకకీ తేడా తెలియనివాళ్ల చేతికి తుపాకి ఎలా ఇస్తామండీ?"

వేలికి కట్టు కట్టి, వచ్చే వసంతంలో మళ్లీ రాయడానికి దరఖాస్తు ఇచ్చి పంపారు. బస్సులో ఆమెకు ఏడుపు ఆగలేదు. ఊరి బయట బస్సు ఆగింది. రోడ్డుకు అడ్డంగా ఒక జింక నిలబడి ఉంది.

"చెవులు ఎంత ముచ్చటగా ఉన్నాయో చూడండమ్మా!" అన్నాడు డ్రైవరు.

హెన్రికే కళ్లు తుడుచుకుంది. "చెవులు కాదండీ, ఆలకింపులు. బస్సులో అందరికీ మీరు తలో గుక్క పోయించాలి."

ఇంటికి చేరేసరికి డెట్లెఫ్ పప్పు వేడి చేసి ఉంచాడు. ఫలితం అతనికి ఇంకా ఎవరూ చెప్పలేదు.