ఆర్కిడ్ల డాక్టరుగారి హస్తవాసి

అమెరికాలోని మధ్య జెర్సీ తెలుగు సమితి సభ్యుల ఇళ్ళల్లోని ఆర్కిడ్ మొక్కలకు సోకిన కుళ్ళు తెగులును పూర్తిగా అదుపులోకి తెచ్చినందుకుగాను, 1985 దీపావళి సభలో డాక్టర్ శ్యామ్‌సుందర్ గారిని శాలువా కప్పి ఘనంగా సత్కరించారు. తెగులు అదుపులోకి వచ్చిన మాట నిజమే. కుళ్ళడానికి ఇంకేమీ మిగల్లేదు.

ముందుగా ఆయన డాక్టరీ సంగతి చెప్పుకోవాలి. ఆయన పీహెచ్‌డీ చేసింది స్టాటిస్టిక్స్‌లో. ఉద్యోగం నెవార్క్‌లోని ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో. ఏ వయసువాళ్ళు ఎప్పుడు పోతారో లెక్కగట్టడం ఆయన పని. సమితి విందుల్లో ఎవరైనా "డాక్టరుగారూ" అని పిలిస్తే గదిలో సగం తలలు తిరిగేవి. ఆయన తలా తిరిగేది. పిలిచినవాళ్ళు మోకాలు నొప్పి గురించి చెప్పబోయి, "ఓ, సారీ! మీరు ఆ డాక్టర్ కాదు కదా" అని పక్కకు జరిగేవారు. అసలు డాక్టర్లు సోఫాల్లో కూర్చునేవారు. పీహెచ్‌డీలకు మడత కుర్చీలు వేసేవారు. "టైటిల్స్‌లో ఏముందండీ" అని ఆయన పైకి నవ్వేవారు గానీ, ఆ ఒక్క పిలుపు కోసం లోపల ప్రాణం కొట్టుకుపోయేది.

సమితి అధ్యక్షులు, గుండె డాక్టరు కృష్ణమోహన్ గారు పెళ్ళిరోజుకు భార్య నళినికి ఒక ఆర్కిడ్ కొనిచ్చారు. ఇంకేం, వేసవి వచ్చేసరికి సమితిలో అది లేని ఇల్లు లేదు. జెర్సీ చలికి తులసి నిలవదు కాబట్టి, వంటింటి కిటికీలో తులసి ఖాళీ చేసిన చోట ఆర్కిడ్‌ను పెట్టారు. చోటుతోపాటు మర్యాదలూ దానికే సంక్రమించాయి. ఇల్లాళ్ళు పొద్దున్నే స్నానం చేసి చెంబుడు నీళ్ళు దాని నెత్తిన పోసేవారు. ఆర్కిడ్ అడవిలో చెట్టుకొమ్మను పట్టుకుని గాలి తింటూ బతికే జీవి. ఆకుల మధ్య నడినెత్తిన నీళ్ళు నిలిస్తే కుళ్ళుతుంది. ఈ సంగతి కుండీకి గుచ్చిన చీటీ మీద స్పష్టంగా రాసే ఉంది. కాకపోతే చీటీకి కూడా పసుపూ కుంకుమా పెట్టడంవల్ల అక్షరాలు కనబడలేదు.

మొదట నళిని గారి మొక్కకే ఆకు మీద గోధుమరంగు నీటిమచ్చ వచ్చింది. ఆవిడ తమ ఇంట్లో జరిగిన విందులో అందరిముందూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. గుండె, ఎముకలు, చెవి ముక్కు గొంతు డాక్టర్లు వరసగా చూసి, "నాట్ మై ఫీల్డ్" అని తప్పుకున్నారు. అప్పుడు మడత కుర్చీలోంచి శ్యామ్‌సుందర్ గారు లేచి, "నేనోసారి చూడనా అండీ?" అన్నారు. జేబులోని మడతకత్తి తీసి కుళ్ళిన ఆకు కోసేసి, గాయానికి పసుపు అద్దారు. వారం తిరిగేసరికి మొక్క తేరుకుంది. ఎందుకు తేరుకుందో ఆయనకూ తెలియదు.

"మీ హస్తవాసి చాలా మంచిదండీ డాక్టరుగారూ!" అన్నారు నళిని, తర్వాతి విందులో. సోఫాల నిండా డాక్టర్లున్న గదిలో ఆ పిలుపుకు తిరిగిన తల ఆయనదొక్కటే. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పట్నుంచి ప్రతి శనివారం రౌండ్లు. ఒక ఇంట్లో కుళ్ళు కోసి, కత్తిని కర్చీఫుకు తుడిచి, పెసరట్టు తిని, ఆ కత్తితోనే ఇంకో ఇంటికి. కర్చీఫు రంగు మారింది. దాన్ని అందరూ అనుభవానికి గుర్తుగా గౌరవించారు. ముందుజాగ్రత్త చర్యగా, నవనవలాడుతున్న మొక్కలకూ తలా ఒక ఆకు కోశారు. తర్వాత వాటికీ మచ్చలొచ్చాయి. తెగులు ఇంత ఉధృతంగా ఉన్న రోజుల్లో డాక్టరుగారే లేకపోతే మన గతేమిటని సమితి ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆయన కూర్చునేది ఇప్పుడు సోఫాలో.

పక్కనే ఇంకో తెలుగు సంఘం ఉంది. ఒకప్పుడు రెండూ ఒకటే. సిద్ధాంత విభేదాలవల్ల చీలిపోయాయి. ఆ సిద్ధాంతమేమిటో ఎవరూ పైకి అనరు గానీ, సభ్యుల ఇంటిపేర్లు చదివినవాళ్ళకు ఇట్టే తెలుస్తుంది. ఆ సంఘం అధ్యక్షురాలు రాధారాణి ఐసెలిన్ కూరగాయల షాపులో శశికళకు ఎదురుపడి, "మా ఆర్కిడ్స్ అన్నీ శుభ్రంగా బ్లూమ్ అవుతున్నాయండీ, మీవాళ్ళవేంటి పాపం!" అని నవ్విపోయారు. శశికళ డాక్టరుగారి భార్య.

ఆవిడ ఇంటికొచ్చి బెండకాయలు సింకులో పోస్తూ అన్నారు: "ఏవండీ, ఫీల్ అవకండి. మీరు వెళ్ళిన ఇళ్ళల్లోనే కుళ్ళు వస్తోంది. వాళ్ళిళ్ళకి మీరు వెళ్ళలేదు. మీరు చదివింది స్టాటిస్టిక్సే కదా?"

ఆయన లైబ్రరీకి పరిగెత్తి పుస్తకం తిరగేశారు. ఒక మొక్కను కోశాక కత్తిని మంటలో కాల్చకుండా ఇంకో మొక్కను ముట్టుకోకూడదట. కాల్చకపోతే కుళ్ళు కత్తెక్కి ఊరేగుతుందట. తన బతుకులో వేసిన లెక్కల్లో ఇంత నిక్కచ్చిగా తేలింది ఇంకోటి లేదు. ఆయన సిగ్గుతో చచ్చిపోయారు. సమితివాళ్ళు మాత్రం అప్పటికే శాలువా ఆర్డర్ చేసేశారు.

సభలో శాలువా కప్పగానే ఆయన మైకు పట్టుకున్నారు. "మిత్రులారా! ఈ తెగులును ఇంటింటికీ మోసింది నేనే. నా కత్తే" అన్నారు. చప్పట్లు మిన్నంటాయి. "చూశారా! ఎంతటి వినయం!" అని కృష్ణమోహన్ గారు కళ్ళు తుడుచుకున్నారు. ఐక్యత పేరిట అతిథిగా వచ్చిన రాధారాణి లేచి, "మా సంఘం మొక్కలేం పాపం చేశాయి? మాకెందుకీ వివక్ష? డాక్టరుగారు మా ఇళ్ళకీ రావాల్సిందే!" అని డిమాండ్ చేశారు. మళ్ళీ చప్పట్లు.

ఆ తర్వాతి శనివారం ఆయన రాధారాణి ఇంటికి వెళ్ళారు. ఈసారి తప్పు జరగనివ్వనని భార్యకు మాటిచ్చి మరీ వెళ్ళారు. అక్కడి ఆర్కిడ్ తెల్లటి పూలతో కళకళలాడుతోంది. "దీనికేమీ అక్కర్లేదండీ" అన్నారు. ఆవిడ మొహం మాడ్చుకున్నారు. సరేనని, ఒక ఎండుటాకు కోద్దామనుకుని, స్టవ్ వెలిగించి కత్తిని మంటలో పెట్టారు.

"ఏంటండీ అది?" అన్నారు రాధారాణి. "సమితి వాళ్ళిళ్ళల్లో కత్తి కాల్చకుండానే కోశారు. మా గడప తొక్కేసరికి శుద్ధి చేయాల్సొచ్చిందా?"

"అయ్యయ్యో, అది కాదండీ! మీ మొక్క సేఫ్టీ కోసమే..."

"మాకు తెలీదా? ఎన్ని చూశాం! ఊళ్ళో గ్లాసులు వేరుగా పెట్టినవాళ్ళూ ఆరోగ్యం కోసమనే చెప్పారు. వద్దులెండి శ్యామ్‌సుందర్ గారూ."

డాక్టరుగారూ అనలేదు. ఆ ఒక్క మాట ఆయన గుండెల్లో దిగింది. ఆవిడ కోపం తన మీద కాదనీ, ఆ గ్లాసుల మీదనీ ఆయనకు తెలుసు. కత్తిలో ఏముందో కూడా తెలుసు. పూల వంక చూశారు, ఆవిడ వంక చూశారు. స్టవ్ ఆపేశారు. పాత కర్చీఫు తీసి కత్తి తుడిచి, కోశారు.

"థాంక్యూ డాక్టరుగారూ!" అన్నారు రాధారాణి.

క్రిస్మస్ నాటికి ఆ సంఘం ఇళ్ళన్నీ తిరగడం పూర్తయి, రెండు సంఘాల కిటికీల మధ్య ఏ తేడా లేకుండా పోయింది. ఇంతకాలం ఏ పెద్దమనిషీ తేలేని సమానత్వాన్ని ఒక మడతకత్తి తెచ్చింది. ఇప్పుడు అందరిళ్ళల్లోనూ ప్లాస్టిక్ ఆర్కిడ్లే. ఇల్లాళ్ళు పొద్దున్నే వాటి నెత్తిన నీళ్ళు పోస్తారు. ఒక్కటీ కుళ్ళలేదు. అంతా డాక్టరుగారి హస్తవాసేనంటారు. ఆయన కూడా కాదనడం మానేశారు.