తల్లుల తరఫున తులాభారం

కరోనాలో పిల్లలకు దూరంగా ఉండి పనిచేసిన తల్లుల మనోధైర్యానికి ఘన సన్మానం చేస్తున్నట్టు మహిపాల్ గారు పెద్దవంగరలో ప్రకటించారు. ఆయనకు సొంత దవాఖాన ఉంది, పార్టీలో పదవి ఉంది. ఆడవాళ్ల ధైర్యం మీద అంత నమ్మకమున్న మనిషిని నేను చూడలేదు. వాళ్లకు సెలవు కావాలన్న అనుమానం కూడా ఆయనకు ఎన్నడూ రాలేదు.

మా పక్కింటి కళ్యాణి ఆ దవాఖానలోనే నర్సు. కరోనాలో నలభై రోజులు అక్కడి మేడ మీది గదిలోనే ఉండిపోయింది. మూడేళ్ల శ్రేయకు వీడియో కాల్‌లో తల్లిని చూపించేది నేనే. అమ్మ ఫోన్‌లోనే ఉంటుందనుకుని ఆ పిల్ల దానికి అన్నం ముద్ద అంటించేది. బిడ్డ చల్లగా ఉంటే మేడారంలో దాని ఎత్తు బెల్లం ఇస్తానని కళ్యాణి సమ్మక్కకు మొక్కుకుంది. అప్పుడు పిల్ల పన్నెండు కిలోలు. రెండేళ్లకోసారి వచ్చే జాతరకు రెండుసార్లూ సెలవు దొరకలేదు. ఇప్పుడు ఇరవై ఆరు కిలోలు. ఈసారి బెల్లం ముందే కొని దేవుడి అర్రలో పెట్టింది.

సన్మానానికి ముందు ఫారాలు పంచారు. ‘ఒంటరితనం మిమ్మల్ని ఎంత దృఢపరిచింది? చాలా / మరీ చాలా.’

“ఏడ్చినోళ్లు ఏడ టిక్కు పెట్టాలె?” అంది కళ్యాణి.

“గా పేజీ రాలే. జిరాక్స్ మిషిన్ ఖరాబైంది,” అన్నాడు మేనేజర్ ఐలేశ్.

“జాతరకు రెండు దినాలు లీవన్న ఇప్పియ్యన్నా.”

“సభల సారే చెప్తడు. జర ధైర్యంగుండు.”

సభలో సమ్మక్కకు ఎత్తు బెల్లం ఇవ్వడానికి తల్లులందరి తరఫున మహిపాల్ గారే తక్కెడలో కూర్చున్నారు. అక్కడున్న బెల్లమంతా రెండో పళ్లెంలో పెట్టినా ఆయన నేల విడవలేదు.

ఐలేశ్ వంగి నా చెవిలో, “బాపూ, కళ్యాణి ఇంట్ల బెల్లం ఉన్నదట గద?” అన్నాడు.

“అది మొక్కు బెల్లం.”

“మరి గిదేంది? గిది గూడ మొక్కే!”

కళ్యాణి వైపు చూశాను. సెలవు గుర్తొచ్చిందేమో, తలూపింది. దైవకార్యం కదా, నేనే బండి మీద తెచ్చాను. ఆ సంచి పడగానే మహిపాల్ గారు గాల్లోకి లేచారు. అందరం చప్పట్లు కొట్టాం.

పైనుంచే ఆయన ప్రకటించారు: “అక్కలారా, మీ అందరి మొక్కు నేనే తీరుస్త! బెల్లం నా కార్ల మేడారం పోతది. ఇగ మీకు లీవు పరేషానే లేదు!”

ఇలా చేయి మారిన మొక్కు అమ్మవారికి చేరుతుందా అని నాకో చిన్న సందేహం వచ్చింది. అప్పటికే శాలువాలు కప్పుతున్నారు. మళ్లీ చప్పట్లు కొట్టాను.

ఒక్కో తల్లికి ఒక్కో బెల్లం ముక్క ప్రసాదంగా ఇచ్చారు. కళ్యాణి తన ముక్కను పక్కనున్న శ్రేయ చేతిలో పెట్టింది.

“తిను బిడ్డా. మళ్ల జాతరకు పోదాం.”

శ్రేయ బెల్లం చప్పరిస్తూ, బరువుకు కుంగి కదులుతున్న కారు వైపు చూసింది.

“గప్పటికి గా సారు ఎన్ని కిలోలైతడే అమ్మా?”