ఎక్స్‌రే అమ్మగారి బాల్కనీ

ఆ రోజు పొద్దున్న ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, జుట్టు దువ్వుకోవడం, నాలుగు వీధుల అవతలున్న ట్రావెల్ ఆఫీసుకి నడిచి వెళ్ళి షికారు ఓడలో బాల్కనీ ఉన్న గది ఒకటి మాట్లాడుకోవడం, వచ్చేటప్పుడు వంటింట్లోకి ఒక బల్బు కొనుక్కోవడం. వీటిలో బల్బు ఒక్కటే ఎవరి అభ్యంతరమూ లేకుండా ఇల్లు చేరింది.

ఆమెను పేట పేటంతా ఎక్స్‌రే అమ్మ అనేది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆస్పత్రి నేలమాళిగలో, కిటికీ లేని గదిలో జనం ఎముకలకు ఫొటోలు తీసింది. "ఊపిరి పీల్చండి... బిగపట్టండి... ఇక వదలండి" అని ఆమె అంటే రౌడీలూ జడ్జీలూ ఒకే తీరుగా బుద్ధిగా బిగపట్టేవారు. వదలమని చెప్పడం ఆమె మరచిపోతే ఏమయ్యేదోనని ఆస్పత్రిలో ఒక జోకు కూడా ఉండేది. ఆమె ఏనాడూ మరచిపోలేదు.

ఆ రోజు, అంటే రిటైరైన మర్నాడే, టిఫిన్ దగ్గర ఆమె కొడుకుతో తేల్చి చెప్పేసింది. "ఇన్నేళ్ళూ తలుపు తీస్తే ఎదురుగా గోడ. కొన్నాళ్ళయినా తలుపు తీస్తే ఎదురుగా సముద్రం ఉండాలిరా. ఓడలో వెళ్తాను. ఒక్కదాన్నే వెళ్తాను. గదికి బాల్కనీ ఉండాలి."

కొడుకు బీమా కంపెనీలో ప్రమాదాల నష్టం అంచనా కట్టే అధికారి. అందరికీ మెట్లు కనిపించేచోట అతనికి జారిపడ్డ మనిషి కనిపిస్తాడు. అందరూ దీపావళి కాకరపువ్వొత్తిని చూస్తే అతను కర్టెన్‌ను చూస్తాడు. అలాంటివాడికి సముద్రం మీద, ఎత్తులో, ఆరుబయట, కన్నతల్లి! తుంచిన ఇడ్లీ ముక్కను తిరిగి పళ్ళెంలో పెట్టేశాడు.

ఆమె మాత్రం ముందే తెచ్చిపెట్టుకున్న ఓడ నక్షాను రెండు చేతులతో ఎత్తి కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకుంది. అలవాటైన చెయ్యి. ఒక కన్ను మూసి, పైనుంచి కిందికి పరీక్షించింది.

"ఇదిగో, ఈ గదుల నెత్తిమీద డాన్సు హాలు. పొద్దస్తమానం దబదబలే. ఇక్కడ బాల్కనీ ముందే ప్రాణాలు కాపాడే పడవలు వేలాడదీస్తారు. బాల్కనీ అని పేరేగానీ పడవ అడుగు చూస్తూ కూర్చోవాలి. ఇది ముక్కు దగ్గర, ఊపెక్కువ. ఇది తోక దగ్గర, మోతెక్కువ." వేలు మధ్యలోకి వచ్చి ఆగింది. "ఇదీ నా గది. సరిగ్గా ఓడ నడుం మీద. పైనా గదులే, కిందా గదులే. పైవాళ్ళూ నిద్రపోతారు, కిందివాళ్ళూ నిద్రపోతారు, మధ్యలో నేను."

కోడలు చెంచా కింద పెట్టి నోరు తెరుచుకుని చూసింది. ఆమెది వీధి చివర కేకుల దుకాణం. పెళ్ళయిన కొత్తలో, తన నడకను బట్టే ఎడమ మడమలో నొప్పి ఉందని అత్తగారు కనిపెట్టిన నాటినుంచీ ఆవిడంటే ఆమెకు భక్తి. "అత్తయ్యా, మీరు ఓడను కూడా పడుకోబెట్టి ఫొటో తీసేసేట్టున్నారు" అంది.

"అమ్మా, బాల్కనీ అంటే రెయిలింగు. రెయిలింగు అంటే ఎత్తు. ఎత్తంటే..." కొడుకు మొదలుపెట్టాడు.

"ఎత్తంటే చాలా దూరం కనిపిస్తుందిరా" అని ఆమె సంచీ భుజాన వేసుకుని బయలుదేరింది. మధ్యాహ్నానికల్లా గది ఖాయం చేసుకుని, బల్బుతో, నిండుకుండలాంటి మొహంతో తిరిగొచ్చింది.

అసలు కథ ఆ మధ్యాహ్నమే మొదలైంది.

కొడుకు తన ఆఫీసు పార్కింగులో కారు అద్దాలు ఎక్కించుకుని ట్రావెల్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. అక్కడ కూర్చునే అమ్మాయిది తేనెలాంటి గొంతు.

"పొద్దున్న మా అమ్మగారు బాల్కనీ గది తీసుకున్నారు కదండీ, అది వద్దు. లోపలి గది కావాలి. బాల్కనీ లేనిది. అసలు కిటికీ కూడా లేనిది."

"కిటికీ లేని గదులున్నాయండీ. ఎవరి పేరు మీద రాయమంటారు?"

అతను ఒక్క క్షణం ఆలోచించాడు. అమ్మ పేరు చెబితే మెసేజ్ అమ్మ ఫోన్‌కి పోతుంది. కొంప మునుగుతుంది. "నా పేరు మీదే రాయండి. నా నంబరే వేయండి."

"ప్రయాణం చేసేవాళ్ళ పేరేనా అండీ?"

"అవునమ్మా, అవును! ఇంకో మాట. ఓడవాళ్ళకి చెప్పండి. రెయిలింగు దగ్గరికి వెళ్ళనివ్వకూడదు. కళ్ళు తిరుగుతాయి. నాకేం కాదని వాదన పెట్టుకుంటారు, వినొద్దు."

"వినం సార్" అంది అమ్మాయి, ఎంతో మర్యాదగా.

కార్డు నంబరు చదివి వినిపించి, గది మార్చినందుకు తీసుకునే రుసుము కాస్త ఎక్కువే సుమా అనుకుంటూ అతను పనిలోకి వెళ్ళిపోయాడు. షరతుల కింద సన్నక్షరాలు చదవకుండా సంతకం పెట్టినవాళ్ళను జీవితమంతా చీవాట్లు పెట్టిన మనిషి, ఆ రోజు సన్నక్షరాలే కాదు, లావు అక్షరాలు కూడా చదవలేదు.

ఇటు దుకాణంలో కోడలు, చేతులకు మైదాపిండి ఉండగా, ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి అదే నంబరుకు చేసింది. పై అంతస్తులు ఊగుతాయని, అత్తగారి రక్తపోటుకు అది మంచిది కాదని ఆమె భయం. అట్టడుగున, బండరాయిలా కదలని గది కావాలంది. భోజనం ఉప్పు, నూనె, చక్కెర లేకుండా మెత్తగా ఉడికించి మెదిపి పెట్టాలంది. వేరేది అడిగి బతిమాలినా లొంగవద్దని రెండుసార్లు చెప్పింది. పేరు? "మా అత్తయ్యకి తెలియకూడదండీ, నా పేరే రాసుకోండి." భర్తకు చెబితే దెబ్బలాటవుతుందని అతనికీ చెప్పలేదు.

ఇక కూతురు. పక్క వీధిలోనే కాపురం, వ్యాయామశాలలో శిక్షకురాలు. ఆమె వేయించే గుంజీళ్ళకు పోలీసులు కూడా కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. ఆమెకు దిగులంతా అమ్మ మోకాళ్ళ గురించి. లిఫ్టు పక్కన గదీ, ఓడ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ చక్రాల కుర్చీ కావాలని పురమాయించింది. "నడుస్తానని మొండికేస్తారు, నడవనివ్వకండి. చాలా ఫిట్‌గా ఉన్నానని గొప్పలు చెబుతారు, నమ్మకండి" అని హెచ్చరించింది. కోడలిలాగే ఆమె కూడా గుట్టుగా తన పేరే ఇచ్చి, అడిగినంత రుసుమూ కట్టేసింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ముగ్గురూ ఎక్స్‌రే అమ్మ మీద ఎక్కడలేని ప్రేమా ఒలకబోశారు. తప్పు చేసినవాళ్ళు కూర ఎక్కువ వడ్డిస్తారు. ఆమె అంతా తిని, ఈ వేళ కూర బాగుందని మెచ్చుకుంది.

చాలా రోజుల తర్వాత ఒక ఆదివారం పొద్దున్న అందరూ టిఫిన్ దగ్గర ఉండగా మూడు ఫోన్లు ఒక్కసారే టింగుమన్నాయి. కొడుకు తెరిచి చూశాడు. ఓడ కంపెనీ అతన్ని పేరుపెట్టి పిలిచి, అతని రాక కోసం వేయికళ్ళతో ఎదురుచూస్తున్నామని చెబుతోంది.

"ఇదేంటి? నన్నెందుకు రమ్మంటున్నారు?"

"నిన్నేమిటి అన్నయ్యా, నన్ను కదా రమ్మంటున్నారు!" అంది కూతురు.

కోడలు తన ఫోన్‌ను మెల్లగా పళ్ళెం కిందికి తోసింది. అది పళ్ళెం కింద మరోసారి టింగుమంది. భర్త పళ్ళెం ఎత్తాడు. "నువ్వు కూడానా!"

ఆ తర్వాత ఎవరు ఎవర్ని తిడుతున్నారో తెలియనంత గోల. "నువ్వు చేశావని నాకు చెప్పాలి కదా." "నువ్వు నాకు చెప్పావా?" "వదినా, అమ్మకి అట్టడుగు గది పెట్టించావా? ఇంజను మీదా?" "మరి నువ్వు చక్రాల కుర్చీ పెట్టించలేదూ?"

"ఊపిరి పీల్చండి" అంది ఎక్స్‌రే అమ్మ.

ముగ్గురూ పీల్చారు.

"బిగపట్టండి."

బిగపట్టారు. ఆమె తీరిగ్గా రొట్టెకు వెన్న రాసుకుని, ఒక ముక్క కొరికి నమిలి మింగి, అప్పుడు "వదలండి" అంది. "ఇంతకీ నాకోసం ఎంచిన గదులు మంచివేనా?"

"చాలా మంచివత్తయ్యా" అంది కోడలు.

"అయితే ఇంకేం? మీరే వెళ్ళి పడుకోండి."

ముగ్గురూ ట్రావెల్ ఆఫీసుకు పరుగెత్తారు. తేనెగొంతు అమ్మాయి వాళ్ళను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. రద్దు చేసే గడువు దాటిపోయిందండీ అంది. గదులు మార్చడానికి ఓడలో ఖాళీల్లేవండీ అంది. కొడుకు బల్ల మీద చరిచి, "అవి మా అమ్మ గదికి మార్పులు, కొత్త గదులు కావు!" అన్నాడు.

"ప్రయాణం చేసేవాళ్ళ పేరేనా అని అడిగాను కదండీ."

అతను మంచినీళ్ళు తాగాడు.

"పోనీ ఆ మెత్తటి భోజనం సంగతి..." కోడలు దీనంగా అడిగింది.

"వివరాలన్నీ ఓడకి చేరిపోయాయండీ. వాళ్ళు ఒకసారి రాసుకుంటే రాసుకున్నట్టే. పైగా బతిమాలినా లొంగొద్దని మీరేగా చెప్పారు?"

దారిలో కొడుకు తనకు తాను సర్ది చెప్పుకున్నాడు. "ఒకందుకు మంచిదే. అమ్మను కనిపెట్టుకుని ఉండొచ్చు."

ఓడ ఎక్కే రోజు వచ్చింది. రేవులో, తెల్లటి ఏడంతస్తుల మేడలాంటి ఓడ ముందు, యూనిఫారం వేసుకున్న ఇద్దరు కుర్రవాళ్ళు చక్రాల కుర్చీ పట్టుకుని కూతురు పేరు పిలిచారు.

"అక్కర్లేదండీ, నేను నడుస్తాను" అందామె.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకు ముందే చెప్పారు.

"కూర్చోండి మేడమ్."

"అయ్యో, నేను చాలా ఫిట్! చూడండి!" అని ఆమె అక్కడికక్కడే గుంజీళ్ళు మొదలుపెట్టింది. ఎంత ఎక్కువ తీస్తే వాళ్ళ మొహాల్లో అంత జాలి కనబడింది. చివరికి చెరో రెక్క పట్టుకుని మృదువుగా కూర్చోబెట్టి, ఒళ్ళో దుప్పటి కూడా కప్పారు. ఎక్స్‌రే అమ్మ తన పెట్టె తానే లాక్కుంటూ, ఆ ఏటవాలు వంతెన మీద చకచకా ముందు నడిచింది. వెనకనుంచి ఎవరో పెద్దాయన, "చూశావా, ఆ వయసులో కూడా రోగిష్టి కూతుర్ని వెంటబెట్టుకుని తిప్పుతోంది, మహాతల్లి!" అని భార్యతో అనడం కూతురి చెవిన పడింది.

లోపల పరిస్థితి మరీ ఘోరం. కొడుకు గదిలో తలుపు మూస్తే పగలో రాత్రో తెలియదు. గాలి పీల్చుకుందామని పైకి వెళ్ళి రెయిలింగు వైపు అడుగేస్తే చాలు, ఎక్కడినుంచో ఒక ఉద్యోగి ప్రత్యక్షమై మోచెయ్యి పట్టుకునేవాడు. "అటు వద్దు సార్, కళ్ళు తిరుగుతాయి."

"నాకేం కాదయ్యా!"

"అలాగే అంటారని చెప్పారు సార్."

కోడలు ఓడ అట్టడుగున పగలంతా ఇంజను పాట విని, భోజనశాలకు వచ్చింది. నాలుగు వరసల కేకులు, క్రీముతో గోపురాలు, చక్కెర పువ్వులు. వృత్తి ధర్మంగా ఒక్కటైనా రుచి చూడాలని పళ్ళెం చాపింది. వడ్డించే ఆయన ఆమె గది నంబరు అడిగి, లోపలికి వెళ్ళి, బూడిద రంగులో ఉన్న ఒక ముద్ద తెచ్చి పెట్టాడు. ఆమె నిజంగానే బతిమాలింది. ఆయన నిజంగానే లొంగలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా ఎక్స్‌రే అమ్మ గది తలుపు తట్టిన చప్పుడైంది. కొడుకు. "నీకు ఒంట్లో ఎలా ఉందో చూద్దామని" అన్నాడు. కాసేపటికి కోడలు వచ్చింది. వెనకాలే, చక్రాల కుర్చీ కుర్రవాళ్ళను తప్పించుకుని మెట్ల మీదుగా కూతురు. ముగ్గురికీ ఆమె ఒంట్లో ఎలా ఉందో చూడాలన్న తపన ఒకేసారి పుట్టుకొచ్చింది.

ఆమె బాల్కనీ తలుపు పక్కకు జరిపింది.

ఎదురుగా సముద్రం. గోడ లేదు, గట్టు లేదు, చూపుకు అడ్డమన్నది లేదు. నీళ్ళ అంచున రాగిరంగు మొదలై మెల్లగా పైకి పాకుతోంది. నెత్తిమీద దబదబ లేదు, ముందు పడవ లేదు, పాదాల కింద నేల ఉయ్యాలలా నెమ్మదిగా కదులుతోంది. ఆమె చెప్పినవన్నీ చెప్పినట్టే ఉన్నాయి. గాలికి తెల్లజుట్టు ఎగురుతుండగా ఆమె రెండు చేతులూ రెయిలింగు మీద ఆనించి నిలబడింది. కొడుకు తల్లిని ఇన్నాళ్ళూ ఎక్కువగా ట్యూబులైటు వెలుగులోనే చూశాడు. ఆమె మొహం ఈ రంగులో ఉంటుందని అతనికి తెలియదు. వెళ్ళి పక్కన నిలబడ్డాడు. అతని నోట ప్రమాదం అన్న మాట రాలేదు.

కూతురే అడిగింది. "అమ్మా, ఆ ఆఫీసు అమ్మాయి చూడటానికి చురుగ్గానే ఉంది కదా. ముగ్గురం నీ గది మార్చమంటే మూడు కొత్త గదులు ఎలా రాసిందంటావు?"

"నేనే చెప్పాను" అంది ఆమె, సముద్రం మీదనుంచి చూపు తిప్పకుండా. "మా పిల్లలు ఫోన్ చేస్తారమ్మాయ్, నా గది ముట్టుకోకు, వాళ్ళేం అడిగితే అది వాళ్ళకే ఇచ్చెయ్యి అన్నాను."

ముగ్గురూ ఈసారి ఎవరూ చెప్పకుండానే ఊపిరి బిగపట్టారు.

"ఒక్కదాన్నే వస్తానంటివి కదమ్మా!" అన్నాడు కొడుకు.

"రమ్మంటే వచ్చేవాడివా? నీకు ఆఫీసు, ఆవిడకి దుకాణం, దీనికి గుంజీళ్ళు. ఒక్కదాన్నే వస్తే తిరిగెళ్ళి ఇదంతా ఎలా ఉందో మీకు చెప్పాలి. చెప్పడం నాకు రాదురా. నేను ఫొటో తీసేదాన్నేగానీ, దాన్ని చూసి చెప్పేది డాక్టరుగారు కదా."

కోడలు ముక్కు చీదుకుంది. సముద్రం చూసో, అత్తగారిని చూసో, లోపల బల్ల మీద అత్తగారికి వచ్చిన కేకు చూసో ఆమెకే తెలియాలి.

ఇల్లు చేరిన తర్వాత చాలాకాలం పాటు ఆ కుటుంబంలో ఒకరి బదులు ఇంకొకరు ఏదీ మాట్లాడిపెట్టలేదు, చివరికి పళ్ళ డాక్టరుకు కూడా ఎవరికి వాళ్ళే ఫోన్ చేసుకున్నారు.