విషం అని రాసిన సీసా

పొద్దున్నే అందరికంటే ముందు ప్రయోగశాలకు వెళ్ళి రెండు గాజు పళ్ళేలు చూడాలి. పరిశోధకురాలి పథకం అంతే. రెండింటిలోనూ నాడీకణాలున్నాయి. నిన్న ఫ్రిజ్‌లోంచి ‘విషం’ అని రాసున్న సీసా తీసి, రెండింటిలోనూ చుక్కలు వేసింది. ఒకదానికి మాత్రం ముందుగానే, మతిమరుపుకు మందవుతుందని తను కుండీల్లో పెంచుతున్న ఆకు పసరు పట్టించింది. పసరు కణాలను కాపాడకపోతే ఇవాళే పని ఆపించి, మొక్కల కుండీలు బయట పారేయిస్తానని డైరెక్టర్ ఖరాఖండిగా చెప్పేశాడు.

పసరు వేసిన పళ్ళెం సూక్ష్మదర్శిని కింద పెట్టింది. ఒక్క కణం చావలేదు! అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ఆమె గుండె గంతులేసింది. ఇక రెండో పళ్ళెం చూసే ధ్యాస ఎక్కడిది? ఫోను తీసింది.

"అత్తయ్యా! పసరు పనిచేసింది!"

"నే చెప్పలా? మనింటి కుండీలో ఆకు ఇప్పుడే రుబ్బి మీ మామయ్య చేత తాగిస్తా. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతున్నారు."

ఆమె కేకలకు డైరెక్టర్ పరుగెత్తుకొచ్చాడు. "నాకు ముందే తెలుసు! నిన్న మీటింగులో నా పేరే మర్చిపోయానమ్మా," అంటూ గుప్పెడు ఆకులు కోసి నోట్లో కుక్కుకున్నాడు. ఆయన నమిలాక తక్కినవాళ్ళు ఊరుకుంటారా? చూస్తుండగానే కుండీల్లో వట్టి కాడలు మిగిలాయి.

అప్పుడే గుమాస్తా చిందులు తొక్కుతూ వచ్చాడు. "నా నీళ్ళసీసా మూతకి చుట్టిన టేపు ఎవరు చించారండీ? ఎవరూ తాగకూడదనే కదా ‘విషం’ అని రాసుకున్నా!"

పరిశోధకురాలు పరుగున వెళ్ళి రెండో పళ్ళెం చూసింది. పసరు తగలని కణాలు కూడా అంతే నిక్షేపంగా ఉన్నాయి. అసలు విషం ఫ్రిజ్‌లోనే వెనక మూలన భద్రంగా ఉంది.

డైరెక్టర్ ముఖం కందగడ్డలా చేసుకున్నాడు. "రేపటికల్లా అసలు విషంతో చేసి చూపించు. లేకపోతే నీ పనికీ, నీ కుండీలకీ ఓ నమస్కారం."

చూపించడానికి ఆకేదీ? అంతా వాళ్ళ పొట్టల్లోనే ఉంది. మళ్ళీ ఫోను.

"అత్తయ్యా, ఆ పసరు తాగించకండి!"

"తాగితే కదమ్మా! చేదని మొండికేసి, గ్లాసుకి వీపు తిప్పి కూర్చున్నారు."

పెళ్ళయ్యాక మామగారి మొండితనం మీద ఆమెకు ప్రేమ పుట్టుకురావడం అదే మొదటిసారి.

ఆ గ్లాసులో పసరుతో, అసలు విషంతో మళ్ళీ ప్రయోగం పెట్టి, మర్నాడు ముందు పసరు లేని పళ్ళెం చూసింది. అన్నీ చచ్చిపోయాయి. రెండోది పెట్టింది. సగానికి పైగా బతికే ఉన్నాయి! ఈసారి కేక రాలేదు, ఆనందంతో ఏడుపొచ్చింది. డైరెక్టర్ ఆ బోడి కుండీలను చిగురించేదాకా తన కిటికీలోనే పెట్టించాడు.

గుమాస్తా తన సీసా మీద ‘మంచినీళ్ళు’ అని రాసుకున్నాడు. అప్పట్నుంచి దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు.