మూడు పొరల దొప్ప

ఈ కథలో ముందు జరిగింది వెనక, వెనక జరిగింది ముందు చెప్పేస్తానేమోనని వరస ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ఆ కాగితం ఎక్కడ పెట్టానో గుర్తు రావడం లేదు. మొదలు మాత్రం బాగానే గుర్తుంది.

ఒక పెద్ద అడవిలో భల్లయ్య అనే ఎలుగుబంటి తేనె అంగడి నడిపేవాడు. ఉడతలు మోదుగాకులు కోసుకొచ్చి, ముళ్లతో కుట్టి దొప్పలు చేసేవి. తేనె నాకినవాళ్లు దొప్పను అక్కడే పారేసేవాళ్లు. ముత్యాలు అనే కుంటి మేక వచ్చి వాటిని తినేది. కొండెక్కి మేయలేదు గనక దానికి అదొక్కటే తిండి. పొద్దు వాలేసరికి అంగడి ముందు ఒక్క ఆకు మిగిలేది కాదు.

ఒకసారి పైనుంచి ఉత్తరం వచ్చింది. వాడి పారేసిన సరుకును తిరిగి వాడుకలోకి తెచ్చే అడవికి శాలువా, ఫలకం ఇస్తారట. పంచాయతీ సెక్రటరీ జంబులింగం అనే నక్క. దరఖాస్తు నింపుతూ, పోగైన చెత్త ఎంత అన్న గడి దగ్గర ఆగిపోయాడు. పక్క అడవిలో కొండంత ఉందని విన్నాడు. ఇక్కడ చూస్తే గుప్పెడు లేదు.

ముత్యాలును పిలిపించాడు.

"పంచాయతీ చెత్తను తినమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు బాబూ. ఆకలేసింది."

"నువ్విలా మింగేస్తుంటే మన పని ఏం చూపించుకోవాలి?"

"మరి నేనేం తినాలి?"

"అది నా శాఖ కాదు," అన్నాడు జంబులింగం.

మేక తినలేని దొప్ప చెయ్యమని ఉడతలకు ఉత్తర్వు వెళ్లింది. అవి ఆకు మీద లక్క కరిగించి పూశాయి. లక్క ఆరకముందే దాని మీద అభ్రకం రేకు అతికించాయి. దొప్ప తళతళలాడింది. నెల్లాళ్లున్నా తేనె కారలేదు. భల్లయ్య మురిసిపోయి, దొప్ప అందానికి తేనె తగ్గించి పోశాడు.

ముత్యాలు ఒకటి నమిలి చూసింది. లక్క పళ్లకు అంటుకుని రెండు రోజులు నోరు తెరవలేకపోయింది. కొత్త దొప్ప మీద మేక నుంచి ఫిర్యాదు ఏదీ రాలేదని జంబులింగం నివేదికలో రాశాడు.

ఆ తర్వాత ముత్యాలు ఎండుగడ్డి పరకలు ఏరుకుని బతికింది. డొక్కలు లోపలికి పోయాయి. కుప్ప మాత్రం పెరిగి పెరిగి, జంబులింగం గుహ పక్కనున్న గుట్టను మించిపోయింది. తనిఖీకి వచ్చిన ఏనుగు దాని చుట్టూ తిరిగి, ఇంత చెత్తను ఇంత శ్రద్ధగా పోగుచేసిన అడవిని తాను చూడలేదని మెచ్చుకుంది. శాలువా కప్పి ఫలకం ఇచ్చింది. పోతూ పోతూ, వానల్లోగా దీన్నంతా మళ్లీ దొప్పలు చేసి చూపించమంది.

ఉడతలు కుప్పలోంచి కొన్ని తీసి నానబెట్టాయి. ఆకు కుళ్లింది, లక్క కదల్లేదు. కాచి చూశాయి. లక్క కరిగి అభ్రకాన్ని మరింత గట్టిగా పట్టుకుంది, ఆకు మాడిపోయింది. మూడింటినీ కలిపిన ఉడతలకు విడదియ్యడం చేతకాలేదు.

ఇంతలో వాన పట్టుకుంది. కుప్ప జారి జంబులింగం గుహకు అడ్డం పడింది. లోపల జంబులింగం, శాలువా, ఫలకం. సందులోంచి బయటికి చూస్తే ముత్యాలు కాళ్లు కనబడ్డాయి.

"ముత్యాలూ, తల్లీ, కాస్త తిని దారి చెయ్యవూ?"

"ఆకైతే ఈపాటికి తినేసేదాన్ని సెక్రటరీగారూ. ఇది తినకూడదనే కదా మీరు చేయించారు."

జంబులింగం గొంతు తగ్గించాడు. "ఏం కావాలో అడుగు."

"ఉత్త ఆకు దొప్ప."

జంబులింగం లోపలినుంచే ఉత్తర్వు రాసి సందులోంచి తోశాడు. ముత్యాలు దాన్ని తినకుండా, అది దానికెంత కష్టమో పాపం, నోట కరుచుకుని అంగడికి తీసుకెళ్లింది. సంగతి తెలిసి భల్లయ్య, ఉడతలు మూడు రోజులు కష్టపడి కుప్పను లాగి పక్క అడవి పొలిమేరలో పోసి వచ్చారు. ఏడాది తిరిగేసరికి శాలువా పక్క అడవికి వెళ్లింది. ఇక్కడ ముత్యాలుకు మళ్లీ డొక్కలు నిండాయి.

వసుంధరా, ఈ కథ శుభ్రంగా రాసిపెట్టేది నువ్వే గనక, అచ్చుకిచ్చే ముందు పేర్లు ఒకసారి చూడమ్మా. మేక ముత్యాలో, ముత్యాలమ్మో. దాని పేరు ఎక్కడా రాసిలేదు, దాన్ని ఎరిగిన మీ అమ్మనడిగితే తెలుస్తుంది. నక్క పేరు వెతకనక్కర్లేదు, ఫలకం మీద ఉంది.

నీతి: చెత్త మిగల్చనివాళ్లకు సన్మానం జరగదు, శాలువా కావాలంటే ముందు కుప్ప పొయ్యాలి.