బండెక్కని పహిల్వాన్

సాతంరాయి సత్తయ్యకు కాళ్లున్నాయన్న సంగతి ఊళ్లో చాలామంది మరచిపోయారు. పొలానికైనా, శంషాబాద్ అంగడికైనా, చివరికి నాలుగిళ్ల అవతలున్న వియ్యంకుడి అరుగు మీదికైనా ఆయన కచ్చురం కట్టుకునే వెళ్లేవాడు. కచ్చురానికి పైన గూడు, లోపల మెత్త, ముందు తెల్లటి ఎడ్ల జోడీ. మనిషి ఆరడుగుల ఎత్తు, దిట్టమైన ఒళ్లు, మెలితిప్పిన మీసం, నెత్తిన ఎర్ర రుమాలు. ఇంత శరీరాన్ని మోయడానికి దేవుడు ఎడ్లను ఇచ్చాక మళ్లీ కాళ్లను ఇబ్బంది పెట్టడం ఎందుకని ఆయన వాదన.

అలాంటివాడు రెండు రోజులు కాలినడకన తిరగడానికి విశాఖపట్నం బయలుదేరాడంటే దానికి కారణం ఆ జోడీలో ఎడమపక్క ఎద్దు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు వానాకాలంలో అది మేత మానేసి పడుకుంది. పశువుల దవాఖాన డాక్టరు చూసి పెదవి విరిచాడు. సత్తయ్య కొట్టంలోనే కూర్చుని ఏడుస్తూ, ఏదో ఒక మొక్కు మొక్కమని, అది ఎంత కష్టమైనదైనా తాను తీరుస్తానని భార్యను బతిమాలాడు. అనంతమ్మ పహాడీ షరీఫ్ గుట్టెక్కి దర్గాలో మొక్కి వచ్చింది. వారం తిరక్కుండా ఎద్దు లేచి గడ్డి కొరికింది. అప్పుడు చెప్పింది ఆ మొక్కేమిటో. సముద్రమున్న ఊరికి పోయి, శని ఆదివారాలు రెండు రోజులూ సత్తయ్య ఏ బండీ ఎక్కకుండా నడిచే తిరగాలి.

"దర్గాల గిసొంటి మొక్కులు గూడ మొక్కుతరా?" అన్నాడు సత్తయ్య.

"ఏదైన సరే అన్నది నువ్వే. ఇగ నీ ఇష్టం, ఎద్దు నీది."

రైలుబండి కూడా బండే కదా అని సత్తయ్య ఆఖరి ప్రయత్నం చేశాడు. ఊళ్లో తిరిగే బండ్లే లెక్కకు వస్తాయని అనంతమ్మ తేల్చేసింది. చిన్నప్పటి నుంచీ ఆమెకు సముద్రం చూడాలన్న కోరిక ఉందని ఆయనకు ఆ సమయంలో గుర్తురాలేదు. బావమరిది బిక్షం కచ్చురం తోలుకొచ్చి ఇద్దరినీ ఉందానగర్ స్టేషన్లో దింపాడు. ఎక్కే ముందు సత్తయ్య ఎడమపక్క ఎద్దు చెవిలో ఏదో చెప్పుకున్నాడు. అది తోక కూడా ఊపలేదు.

రైళ్లు మారి మారి శనివారం పొద్దున విశాఖపట్నం స్టేషనైన వాల్తేరులో దిగారు. స్టేషన్ బయట జట్కాలు బారులు తీరి ఉన్నాయి. సత్తయ్య వాటివైపు చూడకుండా తలదించుకుని నడిచాడు. ప్రయాణం కోసం కుట్టించుకున్న కొత్త చెప్పులు సత్రం చేరేసరికి రెండు మడమలనూ కొరికేశాయి. ఆ రోజంతా ఆయన సత్రం వరండాలో కాళ్లు చాపుకుని పడుకున్నాడు. సముద్రం ఎక్కడికీ పోదని, రేపు చూడవచ్చని భార్యకు నచ్చజెప్పాడు. అనంతమ్మ వరండా చివర నిలబడి, ఇళ్ల కప్పుల మీదుగా వస్తున్న గాలి వాసన చూస్తూ పొద్దు గడిపింది.

ఆదివారం పథకం మాత్రం పక్కాగా ఉంది. పొద్దున్నే బయలుదేరి తిన్నగా సముద్రానికి పోవడం, ఇసుకలో కూర్చోవడం, భోంచేసి మధ్యాహ్నం రైలుకు స్టేషన్ చేరడం. సత్తయ్య చెప్పులు చేతిలో పట్టుకుని వట్టికాళ్లతో నడుస్తున్నాడు. మొదటి వీధి మలుపు దాకా పథకం బాగానే సాగింది.

మలుపులో పెద్ద గుంపు నిలబడి ఉంది. పూలదండలు, బ్యాండుమేళం, చామంతులతో అలంకరించిన ఒక జట్కా. గుంపుకు పెద్ద రామచంద్రయ్య. ఆయన కలప వ్యాపారి, కుస్తీలు నేర్పే ఆ పేట తాలింఖానాకు అధ్యక్షుడు. ఆ రోజు కుస్తీకి హైదరాబాదు నుంచి శంకరయ్య పహిల్వాన్ వస్తున్నాడు. ఆ పహిల్వాన్‌ను అక్కడ ఎవరూ చూడలేదు. భారీ మనిషి, మీసం, ఎర్ర రుమాలు అని మాత్రం విన్నారు.

"హైదరాబాదు నుంచేనాండీ?" అని రామచంద్రయ్య చేతులు జోడించాడు.

పరాయి ఊళ్లో సాతంరాయి పేరు చెబితే ఎవరికి తెలుస్తుందని సత్తయ్య అవునన్నాడు.

"మీ జోడీ గురించి చాలా విన్నామండీ. రోజూ తిప్పుతారటగా?"

తాలింఖానాలో జోడీ అంటే రెండు చేతులతో తిప్పే కర్ర గదలు. సత్తయ్యకు తెలిసిన జోడీ ఒక్కటే. తన ఎడ్ల కీర్తి సముద్రం దాకా పాకిందని ఆయన గుండె కరిగిపోయింది.

"పొద్దుగాల తిప్పుత, మాపటికి తిప్పుత. తిప్పకుంటే నాకు నిద్ర వట్టది," అన్నాడు.

దానితో మెడలో మూడు దండలు పడ్డాయి. బ్యాండు మోగింది. నలుగురు ఆయనను జట్కా దగ్గరికి తోశారు. సత్తయ్య చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని వెనక్కి వంగాడు. బండెక్కనని, తనకు మొక్కుందని చెప్పాడు. రామచంద్రయ్య వెనక్కి తిరిగి, పహిల్వాన్ గారు బండెక్కరట, నడిచే వస్తారట అని గద్గదస్వరంతో ప్రకటించాడు. చెప్పులు కూడా తొడగరని ఎవరో కనిపెట్టారు. పహిల్వాన్ నడుస్తుంటే తాము ఎక్కడం బాగుండదని వెనక జట్కాల్లో ఉన్న పెద్దలందరూ దిగారు. ఏళ్ల తరబడి నేల తొక్కని ఒక బట్టల వ్యాపారి కూడా ఉసూరుమంటూ దిగాడు. పూల జట్కా ఖాళీగా ముందు నడిచింది. ఊరంతా దాని వెనక నడిచింది.

తాను పహిల్వాన్‌ను కానని సత్తయ్య మూడు వీధుల్లో చెప్పాడు. బ్యాండులో ఎవరికీ వినపడలేదు. నాలుగో వీధిలో బ్యాండు ఆగినప్పుడు చెబితే వినయం అనుకున్నారు. ఊరేగింపు ఒకచోట సముద్రపు ఒడ్డు వెంబడే సాగింది కానీ, చుట్టూ ఎత్తి పట్టిన గొడుగులు తప్ప ఆయనకు ఏమీ కనపడలేదు. అనంతమ్మను ఆడవాళ్లు చుట్టుముట్టి, విసనకర్రతో విసురుతూ కొబ్బరిబోండం చేతికిచ్చారు. ఆమె మొదట్లో అసలు సంగతి చెప్పబోయింది. బోండం అయ్యేదాకా ఆగుదామనుకుంది. అది పెద్ద బోండం.

మైదానంలో మెత్తగా తవ్విన గోదా, దాని మధ్య గవరయ్య వస్తాదు. ఆ పేట ఆశలన్నీ అతని మీదే ఉన్నాయి. అతను తొడ చరిస్తే గోడ మీది పావురాలు లేచిపోయాయి. తనను ఎందుకు తీసుకొచ్చారో సత్తయ్యకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. రామచంద్రయ్యను పక్కకు లాగాడు.

"అయ్యా, నేను ఎవుసం జేసుకునేటోన్ని. నాకు ఎద్దును వట్టుడే తెల్సు, మనిషిని వట్టుడు తెల్వది."

రామచంద్రయ్య కళ్లు చెమర్చాయి. "వింటున్నారా! ఈయన ఎద్దులతో పట్టు పడతారటండీ," అని గుంపుకు చెప్పాడు. గవరయ్య తొడ చరచడం ఆపేశాడు.

సరిగ్గా అప్పుడే గుంపును చీల్చుకుంటూ ఒక అద్దె జట్కా వచ్చింది. అందులోంచి పొట్ట తడుముకుంటూ ఒక మనిషి తల బయటపెట్టాడు. ఆయనే శంకరయ్య పహిల్వాన్. స్టేషన్ దగ్గర హోటల్లో ఇడ్లీలు బాగున్నాయని ఆగి, ఆగినందుకు మళ్లీ తిని వచ్చాడు. తన పేరు చెప్పుకున్నాడు. గుంపు పగలబడి నవ్వింది. అసలు పహిల్వాన్ ఊరంతా నడిచి వస్తే ఈ నాలుగడుగులకు జట్కా ఎక్కినవాడు పహిల్వాన్ ఎట్లా అవుతాడని నిలదీశారు. సత్తయ్యకు ప్రాణం లేచి వచ్చింది. ఆయన పరుగున పోయి జట్కా అంచు పట్టుకుని, తన దండలు తీసి పహిల్వాన్ మెడలో వేయబోయాడు. శంకరయ్య గోదా వైపు చూశాడు. గవరయ్య తొడలు చూశాడు. దండలను మెల్లగా వెనక్కి తోశాడు.

"అన్నా, జర గీ ఒక్కపారి నువ్వే సూసుకో. నాకు మోకాలు నొస్తున్నది," అన్నాడు చెవిలో.

సత్తయ్యకు పారిపోవడం తప్ప దారి లేదు. జట్కా ఎదుటే ఉంది, గుర్రం కూడా చురుగ్గానే కనిపించింది. ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. కొట్టంలో పడుకున్న ఎద్దు కళ్లముందు కదిలింది. కాలు దించేశాడు. పంచె ఎగ్గట్టి, సందు దొరికిన వైపు పరుగు లంకించుకున్నాడు.

ఆయన పారిపోతున్నాడని ఒక్కరికీ తోచలేదు. హైదరాబాదు పద్ధతిలో కుస్తీకి ముందు దౌడు తీస్తారని రామచంద్రయ్య గట్టిగా చెప్పాడు. దానితో గవరయ్య వెంటపడ్డాడు. గవరయ్య వెనక తాలింఖానా శిష్యులు, వాళ్ల వెనక బ్యాండు, బ్యాండు వెనక ఊరు. వెనక్కి తిరిగి చూసిన కొద్దీ సత్తయ్య వేగం పెరిగింది. ఆయన వేగం పెరిగిన కొద్దీ గుంపుకు భక్తి పెరిగింది. పొద్దుటి నుంచి ఉపవాసంతో ఉన్న గవరయ్య అల్లిపురం దగ్గర రోడ్డు పక్కన కూలబడి, ఇలాంటి మనిషితో తాను తలపడలేనని చేతులెత్తేశాడు. ఇన్నేళ్లుగా ఎడ్ల మీదే ఆధారపడ్డ సత్తయ్య కాళ్లు మాత్రం వాల్తేరు స్టేషన్ దాకా ఆగలేదు.

గెలుపు సత్తయ్యదేనని రామచంద్రయ్య ప్లాట్‌ఫారం మీద ఆయాసపడుతూ ప్రకటించి, శాలువా కప్పి, మిగిలిన దండలన్నీ వేసి, రైలు వచ్చాక స్వయంగా పెట్టెలో కూర్చోబెట్టాడు. జేజేలు కొట్టి గుంపు వెళ్లిపోయింది. పూలలో మునిగిన సత్తయ్యకు అప్పుడు భార్య గుర్తొచ్చింది. పరేషాన్‌గా కిటికీలోంచి తల బయటపెట్టాడు.

అనంతమ్మ తీరిగ్గా వస్తోంది. సత్రంలోని మూట చంకలో ఉంది. చీర అంచు మోకాళ్ల దాకా తడిసి ఉంది, జుట్టులో ఇసుక ఉంది. వెనక శంకరయ్య పహిల్వాన్ వేయించిన శనగలు నములుతూ వస్తున్నాడు.

"ఏడికి వోయినవే?"

"సముద్రం కాడికి. నువ్వు ఊరంత ఎంటేస్కొని ఉరికితివి. మైదానంల ఎవ్వరు లేరు. పాపం గీ అన్న ఒక్కడే కూసున్నడు. జట్కల దోలుకపోయిండు. మస్తుగ సూసిన."

"జట్కెక్కినవా? మరి మొక్కో?"

"మొక్కు నీది," అంది అనంతమ్మ, మూటను పై బల్ల మీద సర్దుతూ. "నేనెందుకు నడుస్త?"

రైలు కదిలింది. సత్తయ్య కిటికీ వైపు తిరిగి, ఎక్కడైనా నీళ్లు కనపడతాయేమోనని బెజవాడ దాకా చూశాడు. ఊరికి చేరాక సముద్రం ఎట్లా ఉందని ఎవరు అడిగినా, విశాఖపట్నంలో రోడ్లు చాలా బాగున్నాయని చెప్పేవాడు.